ముందే పలికిన వంత

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఇప్పుడు నేనే అలాంటిదొకటి చెప్పాల్సి రావడం ఇంకా మంట.

మా నాయన ఐరాల చుట్టుపక్కల వీధినాటకాల్లో వంతగాడు. వేషగాడు పద్యం ముగించి ఊపిరి తీసుకునేలోపు, వెనక నిలబడి ఆ చివరి ముక్కనే మళ్లీ పాడటం ఆయన పని. ఇంట్లోనూ అదే వరస. ఊరి పెద్ద ఏమంటే అదే, అమ్మ ఏమంటే అదే. సొంత మాటంటూ లేని మనిషని నాకు చులకన.

పక్షవాతం వస్తే తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మాట పోయింది, వంత మాత్రం మిగిలింది. "ఎట్లుండావు నాయనా?" అంటే "ఎట్లుండావు నాయనా?" అనేవాడు. మెదడు దెబ్బతింటే కొందరికి ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. చూడవచ్చిన బంధువులేమో ఆయన నోట దేవుడు పలుకుతున్నాడని దండాలు పెట్టారు. బత్తాయిలు తెచ్చిన మూర్ఖులు కదా అని ఊరుకున్నాను.

పోయేలోగా ఆయన నోట ఒక్క సొంత మాట వినాలని మాత్రం నాకు బలంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం నేనూ నా భార్యా మాటల్లేకుండా కూర్చుని ఉన్నాం. నాయన ఉన్నట్టుండి అన్నాడు.

"అన్న పుత్తూరు దాటినాడంట. కండ్లు తెరువు నాయనా."

చివర గొంతు జీరబోయింది.

ఆ మాట మేమెవరమూ అనలేదు. అన్న చెన్నైలో ఉంటాడు, అక్కణ్ణుంచి తిరుపతి వచ్చే దారిలోదే పుత్తూరు. నాయనతో పోట్లాడి ఏళ్లుగా మొహం చూపని ఘనుడు. అతనికి మేం కబురే పెట్టలేదు.

"మామా, ఎవురు సెప్పినారు మీకు?" అంది నా భార్య.

"మామా, ఎవురు సెప్పినారు మీకు?" అన్నాడు నాయన. వట్టి వాగుడని కొట్టిపారేశాను.

మర్నాడు ఆయనకు ఊపిరి భారమైంది. బంధువులెవరో అన్నకు కబురు చెప్పారట, కారులో బయలుదేరి పుత్తూరు దాటానని ఫోన్ చేశాడు. నాయన చెవి దగ్గర వంగాను.

"అన్న పుత్తూరు దాటినాడంట. కండ్లు తెరువు నాయనా."

నా గొంతు జీరబోయాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. నా భార్య నా భుజం గట్టిగా పట్టుకుంది.

కాకతాళీయం అన్నాడు డాక్టరు. మహిమ అన్నారు బంధువులు. రెండూ నాకు చెత్తమాటలే.

అంతవరకూ మా ప్రతి మాటనూ తిరిగి పలికిన మనిషి, ఆ ఒక్క మాటను మాత్రం తిరిగి పలకలేదు. ఆయన పెదవులు కదులుతాయేమోనని అన్న వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను.