ప్రభువు బల్లకు కాచిన రసం

ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్ళే దారిలో ఉంది ఆ ఊరు. పేరెందుకులెండి, ఆ వీధిలో ఇప్పటికీ వాళ్ళే ఉన్నారు. నేను అక్కడి బడిలో టీచరుగా చేరి, చర్చి వెనక వీధిలో అద్దెకుండేదాన్ని. మధ్యాహ్నం పూట రేడియో తప్ప ఇంకో శబ్దం వినపడని వీధి. తొంభైల నడుమ, మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి.

మా ఎదురింటామెను అందరూ పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళు. భర్త సారా తాగి తాగి పోయాడు. ఊరి ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా అంగడి మూయించిన రోజు అందరికంటే ముందు నిలబడింది ఆమే. ఆ అంగడి నడిపిన కాంట్రాక్టరు ఇల్లు మా వీధి చివరే ఉండేది. అంగడి పోయినా ఆయన వ్యాపారం పోలేదు. సీసాలు పెరటి గుమ్మంలోంచి వెళ్ళేవి. ఆ సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు, పోలీసులతో సహా.

మా చర్చిలో యేసు చివరి భోజనానికి గుర్తుగా నెలకోసారి ప్రభువు బల్ల జరిగేది. రొట్టె విరిచి, చిన్న గాజు గ్లాసుల్లో పులవని ద్రాక్షరసం ఇచ్చేవాళ్ళు. ఆ రసం కాచేది పెద్దమ్మ. ఆత్మకూరు బస్టాండు నుంచి నల్లద్రాక్ష తెప్పించి, ఉడికించి, గుడ్డలో వడగట్టి, జాడీలో పోసి, మూత మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. తాగుబోతు పెళ్ళామని ఈసడించిన ఊళ్ళో ఆమెకు దక్కిన మర్యాద అదొక్కటే.

ఆ నెల పాస్టరుగారు పక్క జిల్లాలో ప్రార్థన కూటాలకని వెళ్ళి రాలేదు. బల్ల మరుసటి ఆదివారానికి వాయిదా పడింది. ఎండలేమో మండిపోతున్నాయి. అప్పటికే కాచిపెట్టిన రసం పులుస్తుంది, పారబోసి మళ్ళీ కాయమన్నాను.

"ప్రార్థన చేసి ఎత్తిపెట్టింది మోరీలో పోస్తారా టీచరమ్మా? అయ్యగారు వచ్చినాక ఆయన ఎట్ట చెప్తే అట్ట" అంది.

శనివారం మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చి నేరుగా ఆమె గుమ్మం ముందే ఆగింది. ఎవరు పంపితే వచ్చిందో చెప్పక్కర్లేదు. బియ్యం డబ్బా బోర్లించారు, మంచం తిరగేశారు, ట్రంకుపెట్టెలోని చీరలు నేలమీద కుమ్మరించారు. జాడీ దొరికింది. కానిస్టేబులు మూత తీసి వాసన చూశాడు.

"పొంగతా ఉండాది సార్!"

"అది ప్రభువు బల్లకు కాచిన ద్రాక్షరసం సార్. సారా అంగడి మూయించినదాన్ని, నేను కాస్తానా?" అంది పెద్దమ్మ.

"కాసేవాళ్ళంతా ఇట్టాంటి కతలే చెప్తారు. ఎక్కు జీపు" అన్నాడు ఎస్సై.

నేను అడ్డం వెళ్ళి చెప్పబోతే, బడి సంగతి చూసుకోమన్నాడు. వీధిలో ప్రతి గుమ్మంలోనూ మనుషులున్నారు. అంతా చీపుళ్ళు పట్టుకుని ఆమె వెనక నడిచినవాళ్ళే. ఒక్కరూ గడప దాటి రాలేదు. జీపు వీధి చివర మళ్ళీ ఆగింది. ఎస్సై కాంట్రాక్టరు ఇంట్లోకి వెళ్ళి తీరిగ్గా మజ్జిగ తాగి వచ్చాడు. అంతసేపూ పెద్దమ్మ ఎండలో, జీపులో, అందరికీ కనపడేలా కూర్చుని ఉంది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం పాస్టరుగారు ఊరికి వచ్చి, స్టేషన్‌కెళ్ళి మాట్లాడి విడిపించారు. కేసు కాలేదు. ఆదివారం పొద్దున మాత్రం చర్చి మెట్ల దగ్గర ఆమెను ఆపారు.

"బల్ల పని కొన్నాళ్ళు ఇంకొకరు చూస్తార్లేమ్మా. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఈ పూటకు ఎనక కూర్చో."

"అంగడి మీదికి పొయ్యేటప్పుడు నన్ను ముందర నిలబెట్టినారు కదయ్యా. ఇప్పుడు ఎనక్కి పొమ్మంటా ఉండారా?"

ఆయన గడియారం చూసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పూట అంగట్లో కొన్న సీసా షర్బత్తు నీళ్ళలో కలిపి పోశారు. గ్లాసుల పళ్ళెం తన దగ్గరికి వచ్చినప్పుడు పెద్దమ్మ తీసుకోలేదు. పక్కామెకు అందించి, లేచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆరాధన అయ్యాక ఎంగిలి గ్లాసులు బల్ల మీదే ఉండిపోయాయి, ఈగలు ముసురుతున్నాయి. పాస్టరుగారితో కూర్చుని రసం ఎవరు కాయాలో తేల్చిన చర్చి సంఘపెద్దలకు గ్లాసులు ఎవరు కడగాలో తట్టలేదు. వచ్చి కడిగిపొమ్మని పెద్దమ్మకే కబురు పెట్టారు.