జ్వరం మీద పడిన నింద

ఎనిమిదేళ్ళుగా నాలో ఒక భయం ఉంది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే చాలు, గుండె ఝల్లుమంటుంది. ఆ భయాన్ని కడుపులో పెట్టుకునే తిన్నాను, పడుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే మీ ముఖం చూసి మళ్ళీ అబద్ధం చెప్పినా చెప్తాను. నా సంగతి నాకు తెలుసు.

నేను యూనివర్సిటీలో హ్యూమన్ డెవలప్‌మెంట్ చదివాను. కడుపులో పడ్డప్పటి నుంచి కాటికి వెళ్ళేదాకా మనిషి ఎలా ఎదుగుతాడు, ఏ వయసులో ఏం నేర్చుకుంటాడు, అదీ మా చదువు. మా ఊరు మెట్టకూరులో మావాళ్ళకి ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. "పిల్లలు పెరగడానికి కూడా సదువేంటే? అన్నం పెడితే ఆళ్ళే పెరుగుతారు" అని మా మేనత్త నవ్వేది.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పద్ధతి ఉండేది. ఒక్కొక్కరం ఒక్కో పసిబిడ్డని ఎంచుకుని, ఏడాది పొడుగునా ఆ ఇంటికి వెళ్ళి చూడాలి. బోర్లా పడటం, కూర్చోవడం, పాకడం, పిలిస్తే తిరగడం. చివర్లో మాకు పాఠం చెప్పే మేడం ఆ ఇంటికే వచ్చి, తన కళ్ళెదుట అవన్నీ చేయించి చూపించమనేవారు. బిడ్డ అందరిలా ఎదుగుతున్నవాడై ఉండాలి. తేడా కనిపిస్తే ఇంకో బిడ్డతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అంటే ఏడాది పోయినట్టే.

మా ఊరికి దగ్గర్లోని దరియాలతిప్పలో వీరవేణి అనే ఆవిడ కొడుకుని ఎంచుకున్నాను. ఆవిడ భర్త సముద్రం మీద వేటకి వెళ్తాడు. పిల్లాడి ముద్దుపేరు పండు. ఎదురుగా వెళ్తే బోసినోటితో నవ్వేవాడు. వెనక కూర్చుని గిలక్కాయ ఆడిస్తే మాత్రం తిరిగేవాడు కాదు. మొదటిసారి నిద్రమత్తు అనుకున్నాను. రెండోసారి ఆటలో ఉన్నాడనుకున్నాను. తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. అప్పటికి సగం ఏడాది అయిపోయింది.

నాకు తెలుసా? తెలుసు. ఇప్పుడైనా ఈ మాట తిన్నగా అననివ్వండి. వాడికి వినబడటం లేదని నాకు తెలుసు.

మేడం వచ్చిన రోజు వాణ్ణి చెక్కమంచం మీద కూర్చోబెట్టాను. వెనకనుంచి గిలక్కాయ ఆడిస్తూ, మోకాలిని మంచానికి గట్టిగా తాకించాను. మంచం అదిరింది. ఆ అదురుకి వాడు వెనక్కి తిరిగాడు. తిరిగి, నన్ను చూసి నవ్వాడు. మేడం "గుడ్" అన్నారు. మోకాలు పొరపాటున తగిలిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటు కాదు. ముందురోజే వచ్చి, మంచానికి మోకాలు ఎక్కడ తాకిస్తే వాడు తిరుగుతాడో చూసుకుని వెళ్ళాను.

మేడం కారెక్కి వెళ్ళాక వీరవేణి పిల్లాణ్ణి చంకనేసుకుని నా దగ్గరికొచ్చింది.

"అమ్మాయిగారూ, మాయత్త ఒకటే గోలండి. బిందె కిందపడినా పిల్లోడు ఉలిక్కిపడట్లేదు, సెవులు సూపించండని. మీరు సదూకున్నోరు. నిజం సెప్పండి, బానే ఉన్నాడాండి?"

"బంగారంలా ఉన్నాడక్కా. మగపిల్లలకి మాటలు కాస్త ఆలస్యమే. పెద్దావిడ చాదస్తం పట్టించుకోకు."

ఆవిడ ముఖం విచ్చుకుంది. గిన్నెలో చేపల పులుసు పోసిచ్చింది. ఇంటికి తెచ్చుకుని తిన్నాను కూడా. ఎలా తిన్నానో!

వాడికి రెండో ఏడు నిండాక పెద్ద జ్వరం వచ్చింది. భర్త వేటలో ఉన్నాడు. బయట కుంభవృష్టి, ఆటో దొరకలేదు. తెల్లారేదాకా వీరవేణి తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. జ్వరం తగ్గింది గానీ, మాటలు రాకపోవడంతో కొన్నాళ్ళకి కాకినాడ తీసుకెళ్తే వినికిడి లేదని తేల్చారు. జ్వరమే చెవులు తినేసిందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఎందుకు అనుకోరు? అంతకుముందు చదువుకున్న పిల్ల ఏడాదిపాటు వచ్చి చూసి, బంగారంలా ఉన్నాడని చెప్పి వెళ్ళింది కదా! చెవులు చూపించమని పోరిన అత్తగారు కూడా నా మాటే నమ్మింది. "ఆ రాత్రే నువ్వు ఆస్పత్రికి తీసికెళ్ళుంటే నా కొడుక్కి ఈ గతి పట్టేదా?" అని భర్త ఇప్పటికీ అంటాడట. నా అబద్ధం అక్కడితో ఆగలేదు. వెళ్ళి ఆ తల్లి మీద సాక్ష్యం చెప్పింది.

వాడికి వినబడకపోవడం నా వల్ల కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ పుట్టిన తొలి ఏళ్ళలోనే మెదడు భాష నేర్చుకుంటుందని నేను పరీక్షల్లో రాశాను. అప్పుడే తెలిసుంటే చెవి మిషన్ పెట్టేవారు, చేతులతోనైనా మాట్లాడటం నేర్పేవారు. ఆ ఏళ్ళు వాడు నోటిమాటా లేకుండా, చేతులమాటా లేకుండా గడిపాడు. ఆకలి వేస్తే తల నేలకేసి కొట్టుకునేవాడని వీరవేణి చెప్పింది. నాతోనే చెప్పింది. ఇప్పుడు మిషన్ పెట్టుకుని నాలుగు మాటలు పలుకుతాడు, నన్ను చూస్తే పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంటాడు. అందుకే మంగళవారం సంతలో ఆ తల్లీకొడుకులు కనిపిస్తే తేలు కుట్టిన దొంగలా పక్కసందులోకి జారుకునేదాన్ని.

ఇంతకీ నేనేం చేస్తున్నానో చెప్పలేదు కదూ? కాలేజీలో అదే సబ్జెక్టు పాఠం చెప్తున్నాను. తొలి ఏడాది ఎదుగుదల పాఠం వస్తే ఇంకో లెక్చరర్‌కి అప్పగించేస్తాను.

పోయిన నెల వీరవేణి మా ఇంటికి వచ్చింది. చేతుల్లో నెలల పిల్ల. రెండో కాన్పు.

"పెద్దోణ్ణి సూసినట్టే దీన్ని కూడా ఓసారి సూడండి మేడంగారూ. మీరు బాగుందంటే నాకు ధైర్యం."

వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం మీద గరిటెతో కొట్టాను. పిల్ల కదల్లేదు. పాలు తాగుతూ మగతలో ఉంది. ఏమీ తేల్చుకోలేకపోయాను. కాకినాడ తీసుకెళ్ళి చెవుల పరీక్ష చేయించమన్నాను. ఆవిడ నవ్వేసింది.

"సెవులెందుకండి? ఆడికైతే జరం వల్ల పోయినియ్యి. దీనికి జరం రాకుండా కళ్ళల్లో పెట్టుకుని సూసుకుంటాను కదా."

ఆవిడ కాకినాడ వెళ్ళదు. నన్ను నమ్మింది కాబట్టి వెళ్ళదు. ఇంకో సాకు వెతికాను. ఈమధ్య పిల్లలందరికీ చేయిస్తున్నారనీ, గవర్నమెంటు చెప్పిందనీ ఏదో గొణిగాను. ఆవిడ పిల్లని భుజాన వేసుకుని లేచింది. ఆ గడప దాటితే ఈ బిడ్డ ఏళ్ళు కూడా నా ఖాతాలోనే పోతాయి. చెప్తే ఉద్యోగం, పరువు, మా ఆయన నన్ను చూసే చూపు, ఏమవుతాయి? ఆ క్షణంలో కూడా ముందు నా గురించే ఆలోచించాను. చూశారా?

"పండుకి జ్వరం వల్ల కాదక్కా. అంతకుముందే వినబడేది కాదు. నాకు అప్పుడే తెలుసు. నా చదువులో ఏడాది పోతుందని దాచేశాను" అన్నాను.

ఆవిడ అరవలేదు. గుమ్మంలోనే చతికిలపడింది. పిల్లని ఒళ్ళోకి దించుకుని అడిగింది.

"అయితే జరం వల్ల కాదాండి?"

"కాదు."

"మరి ఇన్నేళ్ళూ మా ఆయన నన్నన్న మాటలన్నీ..."

కళ్ళు తుడుచుకుని, కాకినాడలో ఎక్కడ చూపించాలని అడిగింది. చెప్పాను. నేనూ వస్తానక్కా అన్నాను.

"మీరు రాకండి" అంది.

పిల్లకి పరీక్ష చేయించిందట. ఏం తేలిందో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. నన్ను క్షమించమని ఆవిడనీ అడగలేదు, మిమ్మల్నీ అడగను. ఎవరికైనా చెప్పేశాక భయం పోతుందంటారు గానీ, నాకు పోలేదు, పైగా పెరిగింది. వాళ్ళాయన నిన్న వేటనుంచి తిరిగొచ్చాడని విన్నాను. వీధిలో బండి ఆగితే చాలు, కిటికీ దగ్గరికి పరిగెడుతున్నాను. ఆయన వస్తాడు. ఇవాళ కాకపోతే రేపు వస్తాడు. తిడతాడో, కొడతాడో, నలుగురిలో నిలబెడతాడో. ఏం చెప్పాలా అని మాత్రం ఈసారి వెతుక్కోనక్కర్లేదు. తలుపు తీసి చెప్తాను, మీ ఆవిడ తప్పేం లేదండి, తప్పు నాది అని.