ముక్కుల్లోంచి వచ్చిన సామాను

చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి క్లినిక్‌లో ఆయమ్మది పద్దెనిమిదేళ్ల సర్వీసు. గదులు తుడవడం, పనిముట్లు ఉడకబెట్టడం, ఏడ్చే పిల్లల తలలు కదలకుండా పట్టుకోవడం ఆమె పని. పిల్లల ముక్కుల్లోంచి, చెవుల్లోంచి డాక్టరు బయటికి లాగినవాటిని పారేయకుండా దాచుకోవడం మాత్రం ఆమె సరదా. పూసలు, పుచ్చగింజలు, రబ్బరు ముక్కలు. అన్నిటినీ స్పిరిట్‌తో కడిగి, గళ్ల పెట్టెలో పెట్టి, నోటుపుస్తకంలో నంబరు వేసి రాస్తుంది. "నూట పన్నెండు. బొమ్మకారు చక్రం. ఎడమ ముక్కు. మూడేళ్ల వీరుడు. చక్రం రాగానే 'కారేది?' అన్నాడు." మధ్యాహ్నం అన్నం తింటూ అవి చదువుకుని తనలో తనే నవ్వుకుంటుంది. ఆ నవ్వు కోసమే రాస్తుంది కూడా. ఆమె భర్త టైలరు. "అందరి పెళ్లాలూ నగలు దాచుకుంటే, మా ఆవిడ ముక్కుల్లోంచి తీసినవి దాచుకుంటుంది" అని కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు. ఉన్న మాటే, ఏం చేస్తాం.

ఆ సోమవారం పదకొండింటికి హాలు కిక్కిరిసి ఉంది. నాలుగేళ్ల పాపను చంకనేసుకుని ఒక తల్లి వచ్చి, "ముక్కులో పూస పెట్టుకుందండీ" అంది. టోకెన్ల గుమస్తా చీటీ మీద పూస అని రాసి నలభై ఒకటో నంబరు ఇచ్చాడు. లోపల పదహారు నడుస్తోంది. పూసే కదా, దానికేమైనా కాళ్లున్నాయా అని అతని ధీమా.

ఆయమ్మ దూదితో పాప ముక్కు తుడిచింది. దూదికి నల్లటి చెమ్మ అంటుకుంది. ఆమె ఇన్నేళ్లలో అలాంటి నలుపు ఒక్కసారే చూసింది. పుస్తకంలో ఎనభై మూడు, వాచీ సెల్లు. పూస నాలుగు రోజులున్నా మహా అయితే చీము పడుతుంది. సెల్లు అలా కాదు, గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. ఆ పిల్లాణ్ణి మర్నాడు తీసుకొచ్చారు. ముక్కు మధ్యగోడకు పడ్డ చిల్లు వాడికి ఇప్పటికీ ఉంది.

"ఎప్పుడు పెట్టుకుందమ్మా?"

"పొద్దున ఎనిమిదికి ఏడుస్తుంటే చూశాను."

"పూసేనని మీరు చూశారా?"

"చూడలేదు. దండ తెగింది, ఒకటి తగ్గింది. పూసేనా అంటే అవునంది."

అప్పటికే మూడు గంటలయింది. ఆయమ్మ గుమస్తా దగ్గరికి పరుగెత్తింది. "వీళ్లని ముందు పంపు బాబూ. సెల్లేమోనని అనుమానంగా ఉంది."

"తల్లి పూసంటే నువ్వు సెల్లంటావు. పోయిన వారం ఇలాగే ఒకణ్ణి లోపలికి తోశావు. వాడి ముక్కులో ఏముంది? ఏమీ లేదు. డాక్టరు గారు నీకూ నాకూ కలిపి అక్షింతలు వేశారు."

ఇంకోసారి వరస తప్పిస్తే ఇద్దరూ ఇంటికే అని కూడా ఆ రోజు డాక్టరు అన్నారు. హాల్లో వాళ్లు అప్పుడే మొహాలు చిట్లించారు. ఎవరి నొప్పి వాళ్లకి పెద్దది. ఆయమ్మకు ఏడుపు వచ్చినంత పనయింది. సెల్లని చెప్పగలిగినది ఒక్క పాపే, ఆ పాపను సరిగ్గా అడిగినవాళ్లు లేరు.

గళ్ల పెట్టె తెచ్చి బెంచీ మీద మూత తీసింది.

"ఇవన్నీ నీలాంటి పిల్లలు ముక్కులో పెట్టుకున్నవే బంగారం. నీది వీటిలో దేనిలా ఉంది? వేలు పెట్టు చాలు."

పాప తల్లి వైపు చూసింది. "పూసని చూపించవే" అంది తల్లి. వేలు ఎర్రపూస దాకా వెళ్లింది.

"అమ్మని చూడకు, నన్ను చూడు" అని ఆయమ్మ తల్లికి అడ్డంగా కూర్చుంది. వేలు పూసను దాటింది, గింజలను దాటింది, మూల గడిలో తుప్పుపట్టిన వెండిరంగు బిళ్ల మీద ఆగింది.

"ఇది. కానీ కొత్తది" అంది పాప గుసగుసగా.

గుమస్తా లేచి వచ్చి చూశాడు. మరో మాట లేకుండా డాక్టరు గది తలుపు తానే తెరిచాడు.

సెల్లు బయటికి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయమ్మ పాప తల కదలకుండా పట్టుకుంది. డాక్టరు లోపలంతా కడిగి, లైటు వేసి చాలాసేపు చూశారు.

"పైపైన కాలింది, గోడ నిలిచింది. నలభై ఒకటో నంబరు ఎన్నింటికి వచ్చేది?"

"రెండు దాటేది సార్" అన్నాడు గుమస్తా నేల చూస్తూ.

"అప్పటికి నిలిచేది కాదు."

తల్లికి ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. "పూసా అంటే అవునని ఎందుకన్నావే? సెల్లని చెప్పొచ్చుగా."

పాప వెక్కుతూ, ఆయమ్మ చెయ్యి వదలకుండా చెప్పింది. "అది నాన్న వాచీకి తెచ్చింది. పూసయితే ఒక్క దెబ్బేగా."

తల్లి చెయ్యి అప్పటికే సగం లేచి ఉంది. దాన్నేం చేయాలో ఆమెకు తెలియలేదు. కాసేపటికి దించి, రెండో చేతితో గట్టిగా పట్టుకుని కూర్చుంది.