నీలమ్మ ఎదురుగా కూర్చునే మనిషి

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది నన్ను టెక్కలి ఆసుపత్రిలో ఆడియాలజిస్టుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. చెవి సమస్య మందులతో తగ్గేది కాదని డాక్టరు రాసిచ్చాక, వినికిడి కొలిచి మిషను అమర్చడం మా పని. మాకు దక్కింది మెట్ల కింద గది. పలకరించేవాళ్లు తక్కువ. పైగా నాకు ముక్కు మీద కోపం.

నీలమ్మది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని. అక్కడ ఆడవాళ్లు గుంపుగా పీటలు వేసుకుని, చేతులు పప్పు మీద, నోళ్లు ఊళ్లోవాళ్ల మీద పెట్టి పొద్దు గడుపుతారు. ముప్పై దాటాక ఆమెకు రెండు చెవులూ బాగా మందగించాయి. చెవి లోపలి అచ్చు తీసి, ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో కంప్యూటర్లో సరిచేసి మిషన్లు పెట్టాను. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసింది. నాకు గర్వంగానే అనిపించింది.

నెల తర్వాత తనిఖీకి వచ్చి, మిషన్లు బల్ల మీద పెట్టేసి వద్దంది. పరీక్షిస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి ఏమిటి నీ బాధ అని గదమాయించాను.

“ఇనబడతాది మేడంగారూ. ముందైతే దగ్గరికొచ్చి, బుజం మీద సెయ్యేసి, మొకం సూసి సెప్పేవోరు. ఇపుడు నీకు ఇనబడతాది కదా అని ఎటో సూసి మాటాడేత్తన్నారు. ఆ రొదలో నాకు ముక్క అరదం అవదు. ఏటని అడిగితే ఇసుక్కుంతన్నారు. గుంపులోనే కూకుంతాను. ఒక్కర్తినే ఉంతాను.”

 మర్నాడు ఆ మిషన్లు తీసుకుని పలాసలో ఆమె ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆమె పక్కన పనిచేసే పార్వతి, నీలమ్మ బాధ నేను చెప్పగా విని తల దించుకుంది. “బాగైపోనాది కదా అని వొగ్గీసినామమ్మా” అంది. ఈ మిషను దగ్గరగా, ఎదురుగా మాట్లాడితేనే బాగా పనిచేస్తుందని, హాలు రొదను పూర్తిగా ఆపలేదని చెప్పాను. నీలమ్మ మిషన్లు పెట్టుకున్నాక పార్వతి తన పీట తెచ్చి ఆమెకు ఎదురుగా వేసుకుంది. మోకాలు తట్టి ఏదో చెప్పింది. నీలమ్మ నవ్వింది. మిషన్లు మళ్లీ నా బల్ల మీదికి రాలేదు.

అప్పటి నుంచి ఎవరికి మిషను పెట్టినా, రోజూ వాళ్లతో మాట్లాడే మనిషిని వెంట తెమ్మనేదాన్ని. మిషను మాటను చెవి దాకా తెస్తుంది, మనిషిని తేలేదు. మాట్లాడే మనిషి లేకపోతే మేం ఎంత బాగా అమర్చినా పని సగమే. మా జూనియర్లకూ అదే నేర్పాను.

రిటైరయ్యాక, మొన్న నా చెవులే పరీక్ష చేయించుకున్నాను. మిషన్లు తప్పవని తేలింది. చూసింది నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే. వచ్చేసారి రోజూ మీతో మాట్లాడేవాళ్లను వెంట తీసుకురండి మేడం అంది. సరేనని బస్సెక్కాను. ఇల్లు చేరేదాకా ఆలోచించినా ఒక్క పేరూ తోచలేదు.