పెంటికలు చూపిన దారి

మామగారి ప్రాణాన్నీ, నా కాపురాన్నీ ఒకే మధ్యాహ్నం అడవిలో కలిపేయబోయిన ఘనత నాకుంది. పులి వెంటబడలేదు, వరద రాలేదు, దొంగలు అడ్డగించలేదు. మొత్తం నా సొంత తెలివితోనే సాధించాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. ఆ రోజు మాత్రం నా పళ్లు టకటకా కొట్టుకుంటుంటే, పక్కనున్న మామ ఏదో పిట్ట కూస్తోందనుకున్నాడు.

నాకు సూర్యాపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. సొంతూరు హుజూర్‌నగర్ పక్కన. మాది గొర్లు కాసే ఇల్లు. ఎండాకాలం మేత కరువైతే మా తాత మందను తోలుకొని హాలియా దాటి కృష్ణా నది పక్క అడవుల దాకా పోయొచ్చేవాడు. మరి నేను? బడి సెలవుల్లో రెండు వేసవులు ఆయన వెనకాల తిరిగాను. అదీ అడవిలో కాదు, వరికోతలు అయిపోయిన మా ఊరి మళ్లల్లో. అందులోనూ సగం రోజులు చెట్టు నీడన గొంగడి పరుచుకొని పడుకునే ఉన్నాను. అయినా పెళ్లిచూపుల్లో కోదాడ పిల్ల స్వరూప "మీకేం ఇష్టం?" అని అడిగితే, "అడవి మా రక్తంల ఉంది" అన్నాను. పాపం, నమ్మి చేసుకుంది.

పెళ్లై ఏడాది కాకముందే ఆమెకు ఐదో నెల వచ్చింది. "ఎక్కడికైనా చల్లటి చోటుకి తీస్కపోండి" అంది. సాగర్ దాటాక అడవిలో టెంట్లు కిరాయికి ఇస్తారని, నడవడానికి బాట కూడా వేశారని ఫోన్లో చూసి రెండు టెంట్లు బుక్ చేశాను. రెండోది మామగారికి. ఆయన జీవితమంతా మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపి, ఇప్పుడు కోదాడలో కూర్చొని విశ్రాంతి మీద విసుక్కుంటున్న మనిషి. మాట నెమ్మది. ఒంట్లో షుగరు. అల్లుడంటే ఎంత గౌరవమంటే, నన్ను తిట్టాల్సి వచ్చినా 'గారు' తగిలించే తిడతాడు. మిర్యాలగూడ బస్టాండులో ఆయన్ను ఎక్కించుకొని పొద్దున పదికల్లా క్యాంపు చేరాం.

స్వరూప టెంటు ముందు కుర్చీలో కూర్చుంది. "మీరిద్దరూ తిరిగి రాండి, నేను ఈడనే ఉంటా" అంటూ నా చేతికి ఒక సంచి ఇచ్చింది. "నాన్న పొద్దున గోలీ వేసుకున్నడు. ఒంటిగంటకల్లా అన్నం పడాలి. లేటైతే చెమటలు బట్టి పడిపోతడు. పోయిన నెల అట్లనే దవాఖానకు తీస్కపోయినం. డబ్బా, గ్లూకోజు రెండూ ఇందులనే ఉన్నయి. యాది పెట్టుకోండి."

"నువ్వు రంది పెట్టుకోకు. మీ నాయిన నా జిమ్మ, నేను సూసుకుంట" అన్నాను.

నడకబాట మొదలయ్యే చోట ఒక రేకుల షెడ్డు, ఒక బెంచీ, ఒక రిజిస్టరు, మనిషెత్తు బోర్డు ఉన్నాయి. బోర్డు మీద ఎలుగుబంటి బొమ్మ, చిరుతపులి బొమ్మ, వాటి కింద చాలా అక్షరాలు. నేను బొమ్మల ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నాను. అక్షరాలు చదవలేదు.

అక్కడి వాచర్ ఎల్లయ్య నన్ను ఆపాడు. "సార్, జర అర్ధగంట ఆగుండ్రి. ముందు పోయినోళ్లు వాపస్ రాంగనే నేను మీతోని వస్త. తోడు లేకుండ పోవద్దు."

"మాకు తోడెందుకే ఎల్లయ్యా? మా తాత ఈ అడవిలనే గొర్లు మేపిండు."

"మీ తాత మేపిండు సార్. మీరు మేపలే గదా?"

ఆ మాట నాకు సుర్రున కాలింది. ఎవరో పిలిస్తే ఎల్లయ్య షెడ్డు వెనక్కి పోగానే, రిజిస్టర్లో గొలుసుకట్టు సంతకం గీకి మామను బయల్దేరదీశాను. గంటలో తిరిగొచ్చేదానికి మోత ఎందుకని సంచిని బెంచీ మీదే పెట్టాను. దయచేసి ఈ ఒక్క వాక్యం దగ్గర నన్ను నాలుగు తిట్టుకొని ముందుకు నడవండి.

బాట బాగుంది. రాళ్ల మీద పసుపు రంగుతో బాణాలు వేశారు. మామ లారీ డ్రైవరు కదా, ప్రతి బాణాన్నీ మైలురాయిలా గౌరవించి, చూసి, తలూపి మరీ కదులుతున్నాడు. కొంతదూరం పోయాక బాణం ఎడమకు, గుట్ట మీదికి చూపించింది. మామకు ఆయాసంగా ఉంది. అప్పుడే కుడివైపు పల్లంలోకి సన్నటి దారి, దాని మీద నల్లగా, గుండ్రంగా నా కళ్లకు అవి కనిపించాయి. గొర్రె పెంటికలు!

నా గుండె ఉప్పొంగింది. మా తాత చెప్పిన ఒకే ఒక్క పాఠం నాకు గుర్తుంది. దారి తెలియకపోతే పెంటికలు చూడాలి. మంద పొద్దున మేతకు పోతుంది, పగటిపూట నీళ్లకు పోతుంది. నీళ్ల దగ్గర కాపరి ఉంటాడు, కాపరి ఉంటే ఊరికి దారి ఉంటుంది. నేను కిందికి వంగి, ఒకదాన్ని పుల్లతో దొర్లించి, డాక్టరులా కళ్లు చికిలించాను.

"మామా, ఇంక ఆరలే. మంద పోయి గంట గూడ కాలే. ముప్పై నలభై జీవాలుంటయి. అండ్ల రెండు సూడివి, కడుపుతోటి ఉన్నయి."

"అబ్బో! పెంటిక చూసి అంత చెప్తారాండి?"

"మా రక్తంల ఉంది మామా. ఇది అడ్డదారి. గుట్ట ఎక్కే పనే లేదు. రాండ్రి."

"బాణం ఎడమకుంటే మనం కుడికి పోతన్నామేంటండీ?"

"బాణం పట్నపోళ్లకు. మనకు పెంటికలే బాణాలు."

గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు. గొర్రె పెంటికను నమ్మిన వాణ్ణి చూశారా? ఇదిగో, మీ ముందే ఉన్నాను.

పెంటికలు ముందు దండిగా ఉన్నాయి, తర్వాత పలచబడ్డాయి, తర్వాత ఒక ముళ్లపొద ముందు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే, వచ్చిన దారి లేదు. అన్ని చెట్లూ ఒకేలా ఉన్నాయి. ఫోన్లో సిగ్నల్ లేదు. పదిమంది ఫోన్లు బాగుచేసేవాణ్ణి, నా ఫోన్ను ఆకాశానికెత్తి హారతి ఇచ్చినట్టు తిప్పాను. ఒక్క గీత కూడా రాలేదు. టైము మాత్రం చూపించింది. పావు తక్కువ ఒంటిగంట.

"అల్లుడుగారూ, తప్పిపోయామాండి?"

"లే మామా. జర సుట్టు తిరిగినం."

నిజం చెప్పనా? తప్పిపోయాం. అడవి నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ మెచ్చుకుంటారు. ఆ నిశ్శబ్దంలో మన ఊపిరి మనకే ఎవరిదోలా వినబడితే తెలుస్తుంది దాని మెప్పు. ఎటు అడుగేసినా ఎండుటాకు ఫట్‌మంటోంది. వెనకాల ఎవరో అడుగేసినట్టు ఉలిక్కిపడి చూస్తే మామ. ఇంకోసారి చూసినా మామే. మూడోసారి చూస్తే మామ లేడు.

వెనక్కి పరుగెత్తాను. ఒక బండ మీద కూర్చొని ఉన్నాడు. తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయింది. పెదవులు పాలిపోయాయి. చెయ్యెత్తితే వేళ్లు వణుకుతున్నాయి.

"ఏం లేదండి. కొంచెం కళ్లు తిరుగుతున్నాయి. ఆ గ్లూకోజు ఇటివ్వండి."

గ్లూకోజు! నా భుజం తడుముకున్నాను. రెండో భుజం తడుముకున్నాను. మూడోది ఉంటే అదీ తడిమేవాణ్ణే. బెంచీ మీద బుద్ధిగా కూర్చున్న సంచి కళ్ల ముందు కనబడింది.

"మామా... సంచి..." అన్నాను.

ఆయనకు అర్థమైంది. "పోనీలేండి, నిదానంగా నడుద్దాం" అని నా మోచేయి పట్టుకొని లేచాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. ఈ మనిషి ఇక్కడ పడిపోతే నేను మోయలేను, వదిలి పోలేను, కేకేస్తే వినేవాడు లేడు. కడుపులో బిడ్డతో కుర్చీలో కూర్చున్న స్వరూపకు ఏమని చెప్పాలి? "మీ నాయిన నా జిమ్మ" అన్న నోటితో ఏమని చెప్పాలి? దేవుళ్లందరికీ మొక్కాను. లింగమంతుల స్వామికి రెండు యాటలు కోస్తానని మొక్కాను. కొంచెం నడిచి నాలుగు చేశాను.

అంతలో చెట్ల మధ్య నీళ్లు తళుక్కుమన్నాయి. చిన్న మడుగు. "చెప్పిన గదా మామా! నీళ్లు! ఈడ కాపరి ఉంటడు!" అని ఎగిరి గంతేశాను. కాపరి లేడు. మంద లేదు. మామ ఒడ్డున వంగి ముఖం మీద నీళ్లు చల్లుకొని, బురద వైపు వేలు చూపించాడు.

"అల్లుడుగారూ, ఇది మన గొర్రెదేనాండి?"

చూశాను. నా అరచెయ్యంత అడుగు. నాలుగు వేళ్లు, వెనక మెత్తటి దిండు. అడుగులో నీళ్లింకా ఊరుతున్నాయి. డెక్క లేదు. డెక్క లేని గొర్రెను మా తాత కూడా చూసి ఉండడు.

అప్పుడే పైన కొండముచ్చులు 'ఖక్! ఖక్!' మని అరిచాయి. అవతలి పొద కదిలింది. ఒకసారి కాదు, వరుసగా కదులుతూ మా వైపే వస్తోంది. ఆ తర్వాత ఏమైందంటే, నాకు కాళ్లు ఉన్నాయని గుర్తుంది, ఎదురుగా చెట్టుందని గుర్తుంది. మరుక్షణం కళ్లు గట్టిగా మూసుకొని ఆ చెట్టు బోదెను కావలించుకొని, కాలికి దొరికిన ఏదో కొమ్మ మీద నిలబడి, చాలా ఎత్తులో ఉన్నాను. దుకాణంలో పులిని, అడవిలో కోతిని.

"అల్లుడుగారూ..." కింది నుంచి సన్నగా వినబడింది.

"మామా! నేను దారి సూడనీకి ఎక్కిన!" అని కళ్లు మూసుకొనే అరిచాను.

"ఏమన్నా కనబడతందాండి?"

"ఇంక లే మామా! సూస్తనే ఉన్న!"

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. పొద చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. నా ప్రాణం కూడా దానితోపాటే ఆగింది. చివరికి ఒక మనిషి గొంతు వినబడింది. "సార్, ఇగ దిగుండ్రి. దుప్పులు నీళ్లు తాగి పోయినయి." ఎల్లయ్య! భుజాన మా సంచి! స్వరూప ఒంటిగంటకు మెల్లగా నడుచుకుంటూ బెంచీ దాకా వచ్చి, సంచిని చూసి, కేకలు పెట్టిందట. ఎల్లయ్య బాణం తప్పిన చోటు నుంచి మా అడుగులు పట్టుకొని వచ్చాడు.

కాలి కింది కొమ్మ కాస్తా జారిపోయి, నేను కళ్లు తెరిచి దిగేసరికి మామ నేలమీద కూర్చొని గ్లూకోజు నీళ్లు తాగుతున్నాడు. కాసేపటికి ముఖంలోకి రంగొచ్చింది. డబ్బా విప్పి నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదో ముద్ద నాకు పెట్టబోయాడు. నేను దాన్ని ఆయన నోటికే తిప్పాను.

"గొర్ల పెంటికలను పట్టుకొని వచ్చినం ఎల్లయ్యా" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"ఈ అడవిలకు గొర్లను రానియ్యరు సార్. బోర్డు మీదనే రాసి ఉన్నది. అవి దుప్పులయి. దుప్పులు నీళ్లకు పోతయి, దుప్పుల కోసం చిరుత పోతది. మీరు దాని హోటల్‌కు సక్కగ పోయిండ్రు."

క్యాంపు చేరేసరికి స్వరూప కళ్లు ఉబ్బి ఉన్నాయి. తండ్రిని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది. ఆయన చొక్కా భుజం మీద బురద మరక చూసి "ఇదేంటి నాన్నా?" అంది. "బండకు ఆనుకున్నాలేమ్మా" అన్నాడాయన. అప్పుడు నా వైపు తిరిగింది. "మా నాన్నను ఒక్కణ్ణి వదిలిపెట్టలే గదా మీరు?"

నేను చెట్టు మీద, ఆయన నేల మీద. ఏం చెప్పను?

మామే అందుకున్నాడు. "ఒక్క నిమిషం కూడా నన్ను వదల్లేదమ్మా."

ఆ మాటకు నేను ఆయన కాళ్ల మీద పడాల్సింది. పడలేదు. బతికిపోయాననుకొని రెండు కప్పుల చాయ్ తాగాను.

సాయంత్రం షెడ్డు దగ్గర నలుగురూ గుమిగూడారు. మడుగు దగ్గర చెట్టుకు జంతువుల ఫొటోలు తీసే కెమెరా కట్టి ఉంటుందట. కదిలిన ప్రతిదాన్నీ దానంతటదే తీస్తుందట. ఎల్లయ్య వచ్చేటప్పుడు దాని కార్డు తీసుకొచ్చాడు. అక్కడి ఆఫీసరు ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫొటో చూపిస్తున్నాడు. నెమలి. అడవిపంది. మాకు కొద్దిసేపటి ముందే నీళ్లు తాగుతున్న చిరుత. నేను మామ వెనక్కి జరిగాను. తర్వాతి ఫొటోలో దుప్పులు వరుసగా నిలబడి ఆశ్చర్యంగా ఒకవైపే చూస్తున్నాయి. ఆఫీసరు ముందుకు వంగాడు.

"ఈ చెట్టుకు అతుక్కున్నదేంది? కొండముచ్చా?"

"కాదు సార్" అంది స్వరూప. "మా ఆయన."

తాటిచెట్టంత ఎత్తుకు ఎక్కాననుకున్నాను కదా. ఫొటోలో నా కాళ్లు నేలకు మనిషెత్తు కూడా లేవు. ఒక కాలు గాల్లో ఉంది. రెండోది, బూటుతో సహా, మామ భుజం మీద ఉంది. ఆయన చెమటలు కారుతున్న ముఖంతో, రెండు చేతులూ బోదెకు ఆనించి, కళ్లు మూసుకొని నన్ను మోస్తున్నాడు. ఆ తర్వాత ఫొటో కూడా అదే. దాని తర్వాతదీ అదే. కింద టైము చూస్తే మొదటిదానికీ చివరిదానికీ ఎనిమిది నిమిషాలు.

"మామా, చెప్పొచ్చు గదా!" అన్నాను, భూమిలోకి కుంగిపోతూ.

"మీరు దారి చూస్తన్నారు కదండీ" అన్నాడు మామ నెమ్మదిగా. "కదిలితే పడతారని ఊరుకున్నా."

స్వరూప లేచింది. తండ్రి చొక్కా విప్పించి, బకెట్టూ సబ్బూ తెచ్చి, నా ముందు పెట్టింది. ఆ బూటు అచ్చును నేనే ఉతికాను. ఉతుకుతూ, అడవిలో ఉన్న సకల జీవాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట బోర్డు మీద ప్రతి అక్షరం చదువుతాను. బాణం ఎటంటే అటే పోతాను. ఏ పెంటికనూ గుర్తుపట్టను. ఖర్మ కాలి మళ్లీ చెట్టెక్కాల్సి వస్తే, ముందు బూట్లు విప్పుతాను.