కాలిక్యులేటరుకు తలంటు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బండరాళ్లకు కూడా ప్లాటు నంబర్లు వేసిన రోజులవి. అందరూ భూములు పోగేస్తుంటే నేను పాత కాలిక్యులేటర్లు పోగేసేవాణ్ని. ఒక్కోదాని బొమ్మ గీసి, వెనక లేబులు మీది మోడలూ నంబరూ రిజిస్టరులో ఎక్కించేవాణ్ని. నంబరు లేని కాలిక్యులేటరంటే నా దృష్టిలో ఊరూ పేరూ లేని మనిషి.

మన్నెగూడ చౌరస్తాలో ప్లాట్లమ్మే ఒక పెద్దమనిషి దగ్గర, అంకెలు ఆకుపచ్చగా వెలిగేది ఒకటుండేది. ఇటుకంత బరువు. జేబులో వేసుకున్నవాడు కుడివైపు ఒరిగి నడవాల్సిందే. గజాల లెక్కంతా దాని మీదే చేసేవాడు. అలాంటిది జిల్లాలో మరొకటి లేదని, ఆ మాటకొస్తే దేశంలోనే లేదని నేను తీర్మానించుకున్నాను. అడిగి అడిగి నా చెప్పులు మూడు జతలు అరిగాక, "దసరాకిస్త తీ, తమ్మీ" అన్నాడు.

అప్పుడే వెనక్కి తిప్పి నంబరు రాసుకోవాల్సింది. ఎలాగూ మనదే కదా, ఇంటికి తెచ్చాక తీరిగ్గా మంచి సిరాతో రాద్దామనుకున్నాను. ఆ తీరిక పాడుగాను!

దసరా సాయంత్రం ఆయన నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, ఎముకలు విరిగేలా అలయ్‌బలయ్ తీసుకుని, కాలిక్యులేటరు అందించాడు. దాని నిండా పసుపు, కుంకుమ బొట్లు. పైగా షాంపూ వాసన.

"అన్నా, తడిగుందేంది?"

"ఆయుధ పూజ గద తమ్మీ! పొద్దుగాల బండి కడిగిన, గదే బకెట్ల దీన్ని గూడ కడిగిన. ఇన్నేండ్లు అన్నం పెట్టింది, మురికితోని ఇస్తనా?"

వెనక్కి తిప్పాను.

"లేబులు ఏదన్నా?"

"గా కాగితమా? మస్తు జిడ్డు వట్టింది. కొబ్బరి పీచుతోని రుద్దిన, పోయింది. ఎట్ల మెరుస్తుందో జూడు!"

"దాని మీద నంబరుండె గదనే! నీకేమన్న యాదికున్నదా?"

"పిచ్చోనివా? నా బండి నంబరే నాకు యాదుండదు." నా మొహం చూసి ఆయనే నొచ్చుకున్నాడు. "గింత ప్రేమతోని కడిగిస్తే మూతి ముడుస్తవేంది?"

పండగ పూట అరవలేక, పళ్లు నూరుతూ నవ్వాను.

ఇంటికొచ్చి బ్యాటరీలు వేసి మీట నొక్కితే ఆకుపచ్చ వెలుగు రాలేదు, సందుల్లోంచి పసుపునీళ్లు వచ్చాయి. వారం రోజులు డాబా మీద ఎండబెట్టాను. నేను నల్లబడ్డాను తప్ప అది వెలగలేదు. ఏదో ఒక నంబరు ఊహించి రాసేద్దామన్న దుర్బుద్ధి కూడా పుట్టింది. పెన్ను రిజిస్టరులో నంబరు గడి దాకా వెళ్లి ఆగిపోయింది. చివరికి లేబులు ఊడిన చోట మిగిలిన జిగురు మరకను స్కేలుతో కొలిచి, దాని పొడవూ వెడల్పూ రాసి రిజిస్టరు మూసేశాను.