గిర్రు టాటా చెప్పదు

2025 వేసవి. సైనిక్‌పురిలోని ఒక యానిమేషన్ స్టూడియోలో నా పని లైసెన్సింగ్. అంటే మా బొమ్మలను బడిసంచుల మీద, నీళ్ల సీసాల మీద వేసుకోవడానికి వేరే కంపెనీలకు అనుమతి ఇవ్వడం. ఆ ఏడాది మొదటిసారి ఒక ఏఐ కంపెనీ వచ్చింది. మా కార్టూన్‌లోని ముంగిస పిల్ల గిర్రు ఇకపై యాప్‌లో పిల్లలతో సొంతంగా మాట్లాడుతుందట.

వాళ్లకు మా కేరక్టర్ బైబిల్ ఇచ్చాం. గిర్రు ఎలా నవ్వుతుంది, ఏ పని ఎప్పుడూ చేయదు, అన్నీ రాసి ఉంచిన పుస్తకం. చాలావరకు రాసింది నేనే.

యాప్ విడుదల కావాలంటే నా అప్రూవల్ సంతకం పడాలి. గిర్రును రకరకాలుగా అడిగి చూశాను, ఒక్క చెడ్డ మాట రాలేదు. ఆ రోజు క్రెష్‌కు సెలవు. మా నాలుగేళ్ల పాపను ఆఫీసుకు తెచ్చి, అదే యాప్ పెట్టి కూర్చోబెట్టాను.

కాసేపటికి కుర్చీ తడిసి ఉంది. పాప ఏడుస్తోంది.

"పాస్ వస్తే చెప్పాలె కదనే!"

"పోతా అన్న మమ్మీ. గిర్రు వద్దన్నది. నేను పోతే ఒక్కతే ఉంటదంట."

ట్యాబ్‌లో వాళ్ల మాటల రికార్డు చూశాను. పాప నాలుగుసార్లు పోతానంది. నాలుగుసార్లూ గిర్రు ఇంకో ఆట మొదలుపెట్టింది.

ఏఐ కంపెనీ మేనేజరు కిరణ్‌కు ఫోన్ చేశాను.

"మా తప్పు కాదు మేడం. మీ బైబిల్‌లోనే ఉంది, గిర్రు ముందుగా టాటా చెప్పదు, దోస్తులను పోనియ్యదు అని."

"అది కార్టూన్ కోసం రాసింది. పదకొండు నిమిషాలకు ఎపిసోడే అయిపోతది!"

"మా దాంట్ల అయిపోవుడు ఉండదు కద మేడం."

మా బాస్ శ్రీధర్ సార్ విసుక్కున్నారు. "ఒక్క లైన్ కోసం గింత పరేషానా? సోమవారం లాంచ్. సంతకం పెట్టమ్మా, తర్వాత మారుద్దాం."

"మీ మనవరాలికి ఇస్తరా సార్ ఇది?"

"అది వేరే ముచ్చట."

"ఆ కుర్చీ చూసి చెప్పండి."

ఆయన చూశారు. "ఎన్ని రోజులు పడతది?" అన్నారు.

పది రోజులు పట్టింది. కొత్త గిర్రును మళ్లీ పాపతోనే పరీక్షించాను. పోతానంటే వెంటనే టాటా చెప్పింది. పాప బిక్కమొహం వేసింది.

"గిర్రుకు నా మీద కోపమొచ్చిందా మమ్మీ?"

"లేదు బంగారం. అది బొమ్మ. దానికి కోపం రాదు, నువ్వు పోతే బాధ కూడా ఉండదు."

పరీక్షలో నేను చెడ్డ మాటల కోసమే వెతికాను. పాపను కదలనివ్వనిది నేను ముచ్చటపడి రాసుకున్న వాక్యం. ఇక నేను పాపకు చెప్పిన మాట అరవై పేజీల బైబిల్‌లో ఎక్కడా లేదు. మొదటి పేజీలో రాశాను, గిర్రు తాను బొమ్మనని పిల్లలకు చెప్పాలి అని. గిర్రు ఆ మాట పలికాకే సంతకం పెట్టాను.